పదో తరగతి బ్యాచ్ జ్ఞాపకాల పుస్తకం: వీడ్కోలు సభ నాటికి చేతికి రావాలంటే ఏం చేయాలి?

బడిగంట
జగిత్యాల వైపు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల మాది. ఈ ఏడు (2025-26) పదో తరగతిలో 46 మంది. ప్రీఫైనల్ పరీక్షలు అయ్యాక, ఫిబ్రవరి ఆఖరి వారంలో వీడ్కోలు సభ ఉంటుంది. ఎవరి స్లామ్‌బుక్ వాళ్లు తిప్పుకోవడం వద్దని, తరగతి మొత్తానికీ కలిపి ఒకే పుస్తకం కావాలని పిల్లలు అడుగుతున్నారు. ఆరో తరగతి నుంచి ఈ ఐదేళ్లు ఎలా గడిచాయో వాళ్ల మాటల్లోనే ఉండాలట. కోరిక బాగుంది. కానీ పొద్దునా సాయంత్రం ప్రత్యేక తరగతులు నడుస్తున్నాయి, చదువుకు గండి పడకూడదు. ఎవరు ఏం రాయాలి, ఎన్ని పేజీలు రావాలి, గ్రూపు ఫోటో ఎలా తీయించాలి, ప్రెస్సుకు ఎప్పుడివ్వాలి? చేయించిన అనుభవం ఉన్నవాళ్లు వివరంగా చెప్పండి. 60 కాపీలు వేయిద్దామనుకుంటున్నాం.

కృష్ణాతీరం
నమస్తే సార్. సభ తేదీ నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ రండి. ప్రెస్సువాళ్లకు వారం, పది రోజులు. దానికి ముందు ప్రూఫు చూడటానికి మూడు రోజులు. పేజీలు కూర్చడానికి ఒక వారం. అంటే జనవరి నెలాఖరుకి సరుకంతా చేతిలో ఉండాలి. సంక్రాంతి సెలవుల తర్వాత పిల్లల ధ్యాసంతా పరీక్షల మీదే ఉంటుంది కాబట్టి, రాత పని సెలవులకు ముందే ముగించేయండి.

రాత పని ఇంటికి పంపకండి. ఇంటికి పంపితే అన్నయ్యో అక్కయ్యో రాసిస్తారు, లేదంటే ఫోన్లోంచి ఎత్తి రాసుకొస్తారు. 46 పేజీల్లోనూ అవే "మరపురాని మధుర స్మృతులు", అవే "విజ్ఞాన దేవాలయం" కనిపిస్తాయి. తెలుగు పీరియడ్లు రెండు తీసుకోండి. మొదటి పీరియడులో చిత్తుప్రతి, మర్నాడు అసలు ప్రతి. రెండింటి మధ్య ఒక రాత్రి గడవడం మంచిది. మొదటి రోజు గుర్తురానివి చాలా వరకు ఆ రాత్రే గుర్తుకొస్తాయి.

"బడి గురించి రాయండి" అంటే కలం కదలదు. ప్రశ్న ఎంత చిన్నదైతే జవాబు అంత బాగా వస్తుంది. ఇలాంటివి బోర్డు మీద రాసి, వీటిలో ఏవైనా రెండింటికి మాత్రమే జవాబు రాయమనండి:

ఆరో తరగతిలో మొదటిరోజు నీ పక్కన కూర్చున్నది ఎవరు? ఇప్పుడు ఎక్కడ కూర్చుంటున్నారు?
బడికి ఏ దారిన వచ్చేవాడివి, ఎవరితో? ఆ దారిలో ఏ చోట ఆగేవాళ్లు?
ఈ బడిలో నీకు మాత్రమే తెలిసిన చోటు ఏది?
ఒక పాఠం ఎప్పుడు, ఎవరు చెబితే అర్థమైంది? (తోటి పిల్లలు చెప్పిందైనా సరే)
తొమ్మిదో తరగతి వాళ్లకు ఈ గది గురించి ఏం చెప్పి వెళ్తావు?

ఆఖరి ప్రశ్నకు వచ్చే జవాబులు అన్నిటికంటే బాగుంటాయి. "ఈ బడి నాకు తల్లి లాంటిది" అన్న వాక్యం ఏ బడికైనా సరిపోతుంది. "వాన పడితే మూడో కిటికీ దగ్గరి బెంచీని గోడవైపు జరపండి, కొక్కెం ఊడిపోయింది, తలుపు నిలవదు" అన్నది ఆ ఒక్క గదికే చెల్లుతుంది. ఇరవై ఏళ్ల తర్వాత ఆ బ్యాచ్ వాళ్లు మళ్లీ మళ్లీ చదువుకునేది ఈ రెండో రకాన్నే.

పదోతరగతి_బి
సార్, నేను వేరే బడి, ఖమ్మం వైపు. మేమూ ఇదే చేద్దామనుకుంటున్నాం. మా దగ్గర ఫస్టు వచ్చేవాళ్లకు రెండు పేజీలు, మిగతావాళ్లకు అర పేజీ అంటున్నారు. అది సరైనదేనా?

కృష్ణాతీరం
వద్దు బాబూ. అందరికీ ఒకే కొలత, ఒక్కొక్కరికి ఒక పేజీ. హాజరు పట్టీలో ఏ వరుస ఉంటే పుస్తకంలోనూ అదే వరుస. మార్కులు, ర్యాంకులు ఇందులో రానేకూడదు, వాటికి మెమో ఉంది. సభలో ఎప్పుడూ మైకు పట్టుకోని పిల్లలు ప్రతి తరగతిలోనూ పదిమంది ఉంటారు. ఈ పుస్తకం మొదట వాళ్ల కోసం. కమిటీని ఆరుగురితో వేసుకోండి, ముగ్గురు అమ్మాయిలు, ముగ్గురు అబ్బాయిలు. క్లాస్ లీడర్లిద్దరూ ఎలాగూ ఉంటారు కాబట్టి మిగతా నలుగురిని వెనక బెంచీల నుంచి తీసుకోండి.

సీమపిల్ల
అనంతపురం జిల్లాలో ఉపాధ్యాయురాలిని. ఒక మాట కలుపుతున్నాను. ఆరో తరగతిలో చేరినవాళ్లంతా పదో తరగతి దాకా ఉండరు. మా వైపు పనులు వెతుక్కుంటూ బెంగళూరు వెళ్లే కుటుంబాలు ఎక్కువ. కొందరు గురుకులానికి మారతారు, కొందరు ఆడపిల్లల చదువు తొమ్మిదిలోనే ఆగిపోతుంది. వాళ్లూ ఈ తరగతి వాళ్లే. కనుక "మనతో కొన్నాళ్లు" అని రెండు పేజీలు కేటాయించండి.

పేర్లు జ్ఞాపకం మీద రాయొద్దు, తప్పకుండా ఎవరో ఒకరు జారిపోతారు. 2021-22 నాటి ఆరో తరగతి హాజరు పట్టీ తీసి, అక్కడి నుంచి ఏడాదికేడాది పోల్చుకుంటూ రావాలి. ఎవరి పేరు మీద గీత ఉందో, ఏ నెలలో టీసీ తీసుకున్నారో అందులో తెలుస్తుంది. అడ్మిషన్ రిజిస్టరుతో ఒకసారి సరిచూడాలి. పేరు, ఊరు, ఏ తరగతి దాకా ఉన్నారు అన్నంత వరకే రాయండి. ఎందుకు వెళ్లారో రాయకండి. పెళ్లి చేశారనో, ఫెయిలయ్యారనో అచ్చులో పడితే ఆ పిల్లకు జీవితమంతా నొప్పి. వాళ్లకూ తలా ఒక కాపీ పంపాలి కాబట్టి 60 చాలవు. 46 మంది పిల్లలు, తొమ్మిది పది మంది ఉపాధ్యాయులు, బడి లైబ్రరీకి రెండు, వెళ్లిపోయినవాళ్లకు అయిదారు. 70 వేయించండి.

బడిగంట
మేడం, ఇది మాకు తట్టనే లేదు. మా దగ్గరా ఏడెనిమిది మంది ఉంటారు. రేపే పాత పట్టీలు తీయిస్తాను. మరి పేజీలు, కాగితం సంగతి?

అక్షరశాల
డీటీపీ, ప్రింటింగు పని నాది. మీ లెక్కకు ఏ5 సైజు పుస్తకం, 64 పేజీలు, పైన అట్ట సరిపోతుంది. ఏ5 అంటే ఏ4 కాగితంలో సగం, 148 × 210 మిల్లీమీటర్లు. ఒక ఏ4 కాగితాన్ని మడిస్తే నాలుగు పేజీలు. అందుకే మొత్తం పేజీలు ఎప్పుడూ నాలుగు చేత భాగింపబడాలి. 62 పేజీల సరుకు తెస్తే రెండు తెల్ల పేజీలు మిగులుతాయి. 65 తెస్తే ఒక్క పేజీ కోసం ఇంకో కాగితం కలపాలి.

పంచుకునే తీరు: పిల్లలకు 46, గ్రూపు ఫోటోకు 2, ఉపాధ్యాయుల మాటలకు 4, ఐదేళ్ల కాలక్రమానికి 3, మధ్యలో వెళ్లినవాళ్లకు 2, బడి పటానికి 2, లోపలి అట్ట పేజీకి (పుస్తకం పేరుండే మొదటి పేజీ), విషయసూచికకు కలిపి 2, సంతకాలకు ఖాళీగా 3. సరిగ్గా 64.

కాగితం: లోపల 100 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు 100 గ్రాములు) మ్యాప్‌లితో తీసుకోండి. మెరిసే ఆర్ట్ పేపరు వద్దు. దాని మీద జెల్ పెన్ను సంతకం ఆరకముందే చెయ్యి తగిలి అలుక్కుపోతుంది. 70 జీఎస్ఎం అయితే వెనక పేజీ అక్షరాలు ముందుకు కనిపిస్తాయి. అట్టకు 250 లేదా 300 జీఎస్ఎం ఆర్ట్ కార్డు, పైన మ్యాట్ లామినేషన్.

64 పేజీలంటే 16 కాగితాలు. సెంటర్ పిన్ చాలు. పిన్నులు కొట్టి మడిచాక మధ్యలోని కాగితాలు బయటివాటికంటే సుమారు రెండు మిల్లీమీటర్లు ముందుకు పొడుచుకొస్తాయి, వాటిని కట్టింగ్ మిషన్ మీద కోసేస్తారు. పేజీ అంచుకు ఆనించి రాసిన అక్షరాలు అక్కడ తెగిపోతాయి. బయటి అంచున 12 మిల్లీమీటర్లు వదలండి. పుస్తకం 80, 90 పేజీలు దాటితే సెంటర్ పిన్ ఉబ్బుతుంది. అప్పుడు గమ్ బైండింగ్‌కు వెళ్లాలి, దానికి లోపలి అంచు 20 మిల్లీమీటర్ల దాకా వదలాలి.

లోపలంతా నలుపు తెలుపు, మధ్య కాగితం ఒక్కటీ రంగులు. ఖర్చు చాలా తగ్గుతుంది. ఆ ఒక్క కాగితం మీద పడేవి 31, 32, 33, 34 పేజీలు. గ్రూపు ఫోటో 32, 33 మీద పరిచి, దాని వెనక పడే 31, 34 పేజీల్లో బడి పటం వేయండి, రంగులకు అదనపు డబ్బు కట్టక్కర్లేదు.

70 కాపీలకు ఆఫ్‌సెట్ అనవసరం, ప్లేట్ల ఖర్చే ఎక్కువవుతుంది. డిజిటల్ ప్రింటు తీయించండి. ధర అడిగేటప్పుడు "పుస్తకం ఎంతవుతుంది" అనకుండా సైజు, పేజీలు, కాగితం జీఎస్ఎం, రంగు పేజీలెన్ని, బైండింగు ఏది, కాపీలెన్ని అన్నవి ఒక చీటీ మీద రాసి మూడు చోట్ల అదే చీటీ చూపించండి. లేకపోతే ఒకరు 70 జీఎస్ఎంకి చెబుతారు, ఇంకొకరు 100కి చెబుతారు, పోల్చడం కుదరదు.

పదోతరగతి_బి
అన్నా, చేతిరాతే వేయాలా, టైపు చేయించాలా? మా క్లాసులో కొందరి రాత చదవలేం.

అక్షరశాల
చేతిరాతే తమ్ముడూ. ఏ4 కాగితం సగానికి కత్తిరించి ఇవ్వండి. దాని మీద 120 × 180 మిల్లీమీటర్ల గడి పెన్సిల్‌తో గీసి, అందులోనే రాయమనండి. గీతల కాగితం వద్దు, స్కాన్లో గీతలూ అక్షరాలూ కలిసిపోతాయి. తెల్ల కాగితం కింద గీతల కాగితం పెట్టుకుంటే వరుస వంకరపోదు. నల్ల బాల్ పెన్ను మాత్రమే. నీలం సిరా నలుపు తెలుపులో బూడిద రంగులోకి దిగిపోతుంది. స్కానర్ ఉంటే 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు), గ్రేస్కేల్ (నలుపు తెలుపు ఛాయలు). ఫోన్‌తో అయితే గూగుల్ డ్రైవ్‌లో ఉన్న స్కాన్ సదుపాయం వాడండి, మామూలు ఫోటో తీయకండి. కాగితం మీద చెయ్యి నీడ పడితే ఆ మూల అంతా నల్లగా అచ్చవుతుంది. పేజీ అడుగున పేరు, ఊరు మాత్రం టైపులో ఉండాలి.

టైపు చేసే భాగం గురించి ఒక హెచ్చరిక. మీరు ఫోన్లో యూనికోడ్‌లో టైపు చేస్తారు. చాలా డీటీపీ సెంటర్లలో ఇంకా యూనికోడ్ కాని పాత అను ఫాంట్లతో పేజ్‌మేకర్ నడుస్తోంది. ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చేటప్పుడు ఒత్తులు, పొల్లులు చెదురుతాయి. "పాఠశాల"కు ఏమీ కాదు, "ఉత్తీర్ణత", "జ్యోత్స్న" లాంటి చోట దెబ్బతింటుంది. పిల్లల పేర్లలో సంయుక్తాక్షరాలు ఎక్కువ కాబట్టి మార్చాక ప్రతి పేరూ మళ్లీ చదవాలి. మీరే పేజీలు కూర్చుకోగలిగితే మండలి, సూరన్న, ఎన్టీఆర్, రామభద్ర లాంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. లోపలి పాఠానికి మండలి, శీర్షికలకు రామభద్ర బాగుంటాయి. ప్రెస్సుకు వర్డ్ ఫైలు ఇవ్వొద్దు. వాళ్ల కంప్యూటర్లో ఆ ఫాంటు లేకపోతే వేరేది వచ్చి పడుతుంది, పేజీలు మారిపోతాయి. ఫాంట్లు పొదిగిన పీడీఎఫ్ ఇవ్వండి.

బడిగంట
చేతిరాత అంటే తప్పులు కూడా అలాగే అచ్చవుతాయి కదా. తెలుగు పంతులుగా నాకు అది మింగుడు పడటం లేదు. చిత్తుప్రతి దిద్ది, అసలు ప్రతి తప్పుల్లేకుండా రాయిస్తే?

కృష్ణాతీరం
దిద్దండి. కాకపోతే అక్షరదోషం వరకే. వాక్యం మీద చెయ్యి వేయకండి. "గా పొద్దు సారు రాకపాయె, మేమే లెక్కలు జేస్కున్నం" అని రాస్తే అది తప్పు కాదు, ఆ పిల్లాడి మాట. దాన్ని "ఆ రోజు ఉపాధ్యాయులు రాకపోవడం వలన" అని మార్చగానే పిల్లాడు పేజీలోంచి మాయమవుతాడు.

సీమపిల్ల
దీనితో పూర్తిగా ఏకీభవిస్తాను. నేనైతే చిత్తుప్రతి మీద ఎర్ర సిరా పెట్టను. పెన్సిల్‌తో అక్షరం కింద చుక్క పెట్టి వదిలేస్తాను, వాళ్లే చూసుకుని దిద్దుకుంటారు. ఎర్ర సిరా చూడగానే చాలామంది కుదించి రాసేస్తారు.

పదోతరగతి_బి
ముద్దుపేర్లు పెట్టొచ్చా? అవి లేకపోతే మా క్లాసు మా క్లాసులా ఉండదు.

సీమపిల్ల
ఎవరి ముద్దుపేరు వాళ్లే తమ చేత్తో రాసుకుంటే ఉంచండి. ఇంకొకరు రాస్తే తీసేయండి. ఒంటి రంగు మీద, లావు సన్నం మీద, కులం మీద, నత్తి మీద పెట్టిన పేర్లు ఎవరు రాసినా వద్దు. ఒక అమ్మాయి పేరు, ఒక అబ్బాయి పేరు కలిపి రాసే పని అస్సలు వద్దు. పదిహేనేళ్ల పిల్లకు ఇంట్లో చదువు ఆగిపోవడానికి ఆ ఒక్క వాక్యం చాలు. అందుకే పేజీలు ప్రెస్సుకు వెళ్లేముందు ఎవరి పేజీ ప్రూఫు వాళ్లకు చూపించి, వెనకవైపు సంతకం తీసుకోండి. తమ గురించి వేరేవాళ్లు రాసిన చోట్లు కూడా చూపించాలి.

ఫోన్ నంబర్లు, ఇన్‌స్టా ఐడీలు, ఇంటి చిరునామాలు పుస్తకంలో వద్దు. అచ్చు పుస్తకాన్ని ఎవరైనా ఫోటో తీసి ఎక్కడైనా పెట్టొచ్చు. పీడీఎఫ్‌ను బడి పేజీలో పెట్టే ఆలోచన ఉంటే తల్లిదండ్రుల సమ్మతి రాతపూర్వకంగా తీసుకోండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివాళ్లందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది. నా సలహా, పీడీఎఫ్ బయట పెట్టనే వద్దు.

నీడవెలుగు
గ్రూపు ఫోటో నా పని కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను. పుస్తకంలో దానికి మధ్య రెండు పేజీలు అన్నారు. అక్కడే చాలామంది దెబ్బతింటారు. మామూలుగా హెచ్ఎం గారిని కుర్చీల వరుసలో నడిమధ్య కూర్చోబెడతాం. పుస్తకంలో నడిమధ్య ఉండేది మడత. పిన్నులు సరిగ్గా ఆయన ముఖం మీద పడతాయి. వెనక వరుసల్లో ఆ గీత మీద నిలబడ్డ ఇద్దరు పిల్లలకూ అదే గతి.

కనుక ప్రతి వరుసలోనూ సరి సంఖ్య ఉండాలి, నడిమి గీత రెండు భుజాల మధ్య పడాలి. 46 మందికి ఇలా: నేల మీద 12, కుర్చీల్లో ఉపాధ్యాయులు 10, వెనక నిలబడి 16, వాళ్ల వెనక బెంచీల మీద 18. హెచ్ఎం గారు మడతకు ఒక పక్క, అందరికంటే సీనియర్ ఉపాధ్యాయులు రెండో పక్క. ఉపాధ్యాయులు తొమ్మిది మందే ఉంటే మధ్యాహ్న భోజనం వండే అమ్మను పదో కుర్చీలో కూర్చోబెట్టండి. ఐదేళ్లూ ఆ పిల్లలకు అన్నం పెట్టింది ఆమె.

మధ్యలో జానెడు ఖాళీ వదిలి, అటూ ఇటూ సగం సగం నిలబెట్టండి. నేల మీద సుద్దతో ఒక గీత గీస్తే అందరికీ తెలుస్తుంది. ఆ ఖాళీ ఫోటోలో పెద్దగా కనిపించదు, పుస్తకంలో మడత దాన్ని మింగేస్తుంది.

వెలుతురు: జనవరిలో సూర్యుడు దక్షిణం వైపు ఒరిగి ఉంటాడు, కాబట్టి బడి భవనానికి ఉత్తరం పక్క రోజంతా నీడ ఉంటుంది. అక్కడ నిలబెట్టండి. చెట్టు కింద వద్దు, ఆకుల సందుల్లోంచి ఎండ మచ్చలు ముఖాల మీద పడతాయి, వాటిని తర్వాత తీయలేం. ఎండకు ఎదురుగా నిలబెడితే 56 మందిలో సగం మంది కళ్లు చికిలిస్తారు.

దూరం: 18 మంది కాస్త పక్కకు తిరిగి నిలబడితే వరుస ఏడెనిమిది మీటర్లు వస్తుంది. మామూలు డీఎస్ఎల్ఆర్ మీద 35 ఎంఎం లెన్సు అయితే 12, 13 మీటర్ల వెనక నుంచి తీయాలి. స్థలం లేదని వైడ్ లెన్సు పెడితే, లేదా ఫోన్లో 0.5 నొక్కితే, చివర్లో నిలబడ్డవాళ్ల ముఖాలు సాగిపోతాయి. అపర్చరు ఎఫ్/8, షట్టరు 1/200, ఐఎస్ఓ వెలుతురును బట్టి 200 నుంచి 400. ఫోకసు నిలబడిన వరుస కళ్ల మీద. కెమెరా కంటి ఎత్తు కంటే ఒక అడుగు పైన ఉంటే వెనక వరుస ముఖాలు దాగవు. ట్రైపాడ్ తప్పనిసరి, పది పన్నెండు సార్లు తీయాలి. ఇంతమందిలో ఎవరో ఒకరు కన్ను మూస్తారు, కదలని ఫ్రేములుంటే వేరే దాంట్లోంచి ఆ ముఖం తెచ్చి అతకొచ్చు. బెంచీలు మట్టి నేల మీద వేస్తే ఒక కాలు దిగబడి ఊగుతాయి. పిల్లలను ఎక్కించే ముందు ఇద్దరు ఎక్కి చూడండి. ప్లాస్టిక్ కుర్చీల మీద ఎవరినీ నిలబెట్టొద్దు.

ఇక పేర్లు. అసలు ఫోటో అయ్యాక ఎవరినీ కదలనీయకుండా, ఒక్కొక్కరి చేతికి హాజరు నంబరు రాసిన కాగితం ఇచ్చి గుండె దగ్గర పట్టుకోమని ఇంకో ఫోటో తీయండి. కింద పేర్ల వరుస టైపు చేసేటప్పుడు అదే ఆధారం. ఇది చేయకపోతే తర్వాత కూర్చుని "ఎడమ నుంచి ఏడో అమ్మాయి ఎవరు" అని వెతుక్కోవాలి. ఆ రోజు రాని పిల్లలుంటే వాళ్ల ఫోటో మూలన గుండ్రంగా అతికించకండి, విడిగా కనిపిస్తుంది. తేదీ మార్చండి.

ఫోటో వాట్సాప్‌లో మామూలుగా పంపితే పొడవు వైపు 1600 పిక్సెళ్లకు కుంచించుకుపోతుంది. మీ రెండు పేజీల వెడల్పు 297 మిల్లీమీటర్లు, అంగుళానికి 300 చొప్పున దానికి 3508 పిక్సెళ్లు కావాలి. 1600తో వేస్తే అంగుళానికి 137 కూడా రావు, సెంటీమీటరు వెడల్పైనా లేని ముఖాలు మసక ముద్దలవుతాయి. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి.

బడిగంట
వంట అమ్మ సంగతి చెప్పారు చూడండి, చాలా సంతోషం. మా దగ్గర ఇద్దరు ఉన్నారు. ఇద్దరినీ కూర్చోబెట్టి సరి సంఖ్య ఎలా తేవాలో చూసుకుంటాం. ఐదేళ్ల కాలక్రమం అన్నారు, అందులో ఏం రాయాలి?

చదువరి
బడి బయటి ప్రపంచంలో జరిగినవాటిలో ఆ గదిలోకి వచ్చినవి మాత్రమే రాయాలి. ఈ బ్యాచ్ పిల్లలు 2020 మార్చిలో బడులు మూసినప్పుడు నాలుగో తరగతి. ఐదో తరగతి పాఠాలు చాలామంది టీవీలోనే విన్నారు, తెలంగాణలో డీడీ యాదగిరి, టీశాట్‌లలో 2020 సెప్టెంబరు 1 నుంచి వచ్చాయి. 2021 సెప్టెంబరులో బడులు తెరిచేసరికి ఆరో తరగతి, అంటే హైస్కూలులో వాళ్ల తొలి రోజులు మాస్కులతో మొదలయ్యాయి. ఒకరి ముఖం ఒకరు పూర్తిగా చూడకుండానే స్నేహాలు కలిశాయి. ఇది ఈ బ్యాచ్‌కే ప్రత్యేకం, తప్పక రాయించండి.

2022-23లో తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు ఇంగ్లిషు మీడియం వచ్చింది. అప్పుడు వీళ్లు ఏడో తరగతి. ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లిషు ఉన్న పాఠ్యపుస్తకాలు అప్పుడే వచ్చాయి. లెక్కల్లో ఏ మాట కొత్తగా అనిపించింది, ఎవరు ఏ పేజీ వైపు చూసి చదివేవాళ్లు, ఇవి అడగండి. 2023 ఆగస్టు 23 సాయంత్రం 6.04కు చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగినప్పుడు ఎనిమిదో తరగతి. మీ బడిలో చూపించారా, ఏ గదిలో, ఏ తెర మీద?

మిగతావి మీ బడివే: ఏ ఏడు గది మారారు, ఎవరు బదిలీ అయి వెళ్లారు, ఏ చెట్టు పడిపోయింది, కబడ్డీలో మండలం దాకా ఎప్పుడు వెళ్లారు. ప్రతి దానికీ నెల, సంవత్సరం ఉండాలి. ప్రార్థనా సమావేశాల రికార్డు, లాగ్ బుక్, ఉపాధ్యాయుల హాజరు పట్టీ చూస్తే దొరుకుతాయి.

ఇంకో మాట. రోజూ పొద్దున చెప్పే ప్రతిజ్ఞను 1962లో పైడిమర్రి వెంకటసుబ్బారావు గారు తెలుగులో రాశారు. ఆయనది నల్గొండ జిల్లా అన్నెపర్తి. దేశమంతా తమ తమ భాషల్లో చెప్పేది ఆ మాటలే. ఐదేళ్లు చెప్పిన ప్రతిజ్ఞను తరగతి అంతా కలిసి చెబుతుండగా ఒకసారి రికార్డు చేసి పెట్టండి. గదిలో ఫ్యాన్లు ఆపి, ఫోన్ రెండు మీటర్ల దూరంలో బల్ల మీద మెత్తటి గుడ్డ వేసి పెడితే చాలు. పిల్లలకు ఈ వయసులో గొంతులు మారుతుంటాయి, రెండేళ్లకే వేరుగా వినిపిస్తాయి.

ఫ్రిస్కో_నుంచి
ఇక్కడ టెక్సాస్‌లో మా పిల్లల హైస్కూళ్లలో ఇయర్‌బుక్ ప్రతి ఏడూ వస్తుంది. వాటిలో రెండు పద్ధతులు మీకు పనికొస్తాయి. చివర్లో పేర్ల సూచిక ఉంటుంది, ప్రతి పేరు పక్కన ఆ పేరు వచ్చిన పేజీల నంబర్లన్నీ వేస్తారు. ఎవరి పేరు ఒక్కచోటే ఉందో అచ్చుకు ముందే తెలిసిపోతుంది, ఇంకోచోట చేర్చొచ్చు. రెండోది, సంతకాల పేజీలు పుస్తకం చివర కాకుండా ముందూ వెనకా పంచుతారు. చివరి మూడు పేజీలు పది నిమిషాల్లో నిండిపోతాయి, ఆలస్యంగా వచ్చినవాళ్లకు చోటుండదు. ఖర్చు విషయంలో పూర్వ విద్యార్థులను అడగండి, ఇవ్వడానికి చాలామంది సిద్ధంగా ఉంటారు.

కృష్ణాతీరం
ఖర్చు మాట వచ్చింది కాబట్టి. పిల్లల దగ్గర తలా ఇంత అని వసూలు చేయొద్దు. ఇవ్వలేని పిల్ల పుస్తకమే వద్దంటుంది, సభకూ రాదు. దాతలను అడగండి, కానీ అట్ట మీద దాత ఫోటో వేయకండి. లోపలి అట్ట పేజీలో ఒక వరుస పేరు చాలు.

సభలోనూ అదే జాగ్రత్త. తొమ్మిదో తరగతి వాళ్లు ఏర్పాట్లు చేస్తారు సరే, అతిథుల ప్రసంగాలకే రెండు గంటలు పోతే పిల్లలకు ఏం మిగులుతుంది? 46 మంది తలా 45 సెకన్లు మాట్లాడితే 35 నిమిషాలు. దాన్ని మొట్టమొదట పెట్టండి, అతిథులు ఆ తర్వాత. పుస్తకం సభ మొదట్లోనే చేతికిస్తే అందరూ తల వంచుకుని చదువుతారు, ఎవరూ ఎవరి మాటా వినరు. మాటలయ్యాక, భోజనాలకు ముందు ఇవ్వండి. సంతకాలకు గంట సమయం వదలండి. బాల్ పెన్నులు ఒక డబ్బా తెప్పించి పెట్టండి.

అక్షరశాల
పేర్ల గురించి ఒకటి మర్చిపోకముందే. టైపు చేసేటప్పుడు పరీక్షల నామినల్ రోల్‌లో (పరీక్ష రాసేవాళ్ల జాబితా) ఉన్న పేరు పక్కన పెట్టుకోండి. ఇంటిపేరు, అక్షరక్రమం, తండ్రి పేరు అక్కడ తప్పుగా పడి ఉంటే ఈ పనిలోనే బయటపడుతుంది. అలా కనిపిస్తే అదే రోజు హెచ్ఎం గారికి చెప్పండి. మెమో అచ్చయ్యాక దిద్దించుకోవాలంటే చాలా తిరగాలి.

బడిగంట
చివరగా ఒక సందేహం. మా తరగతిలో ఒకబ్బాయి ఉన్నాడు, ప్రత్యేక అవసరాలున్న పిల్లవాడు. రోజూ బడికి వస్తాడు, రాయలేడు. అతని పేజీ అమ్మతో రాయిద్దామా?

సీమపిల్ల
అమ్మ రాస్తే అది అమ్మ పేజీ అవుతుంది సార్. అతను ఏం చేయగలడో చూడండి. బొమ్మ గీస్తే బొమ్మ, రంగులు పూస్తే రంగులు. ఏదీ కాకపోతే అరచేతికి స్టాంపు ప్యాడ్ సిరా పూసి అచ్చు తీయండి, అది సబ్బుతో పోతుంది, 300 డీపీఐలో గీతలు కూడా స్పష్టంగా వస్తాయి. ఐదేళ్లు పక్కన కూర్చున్న పిల్లలు ఇద్దరు ముగ్గురు ఉంటారు కదా, అతనికి ఏది ఇష్టమో, ఏ మాటకు నవ్వుతాడో వాళ్లకు బాగా తెలుసు. వాళ్లను అడిగి, ఆ మాటలు వాళ్ల చేతిరాతతోనే అచ్చు కింద రాయించండి. పేజీ కొలత అందరికీ ఉన్నంతే ఉండాలి.

చదువరి
పుస్తకం వచ్చాక లైబ్రరీకి ఇచ్చే రెండు కాపీల గురించి. ఊరికే బీరువాలో పెడితే రెండేళ్లకు చిత్తుకాగితాల్లోకి వెళ్తుంది. యాక్సెషన్ రిజిస్టరులో (లైబ్రరీ పుస్తకాల పద్దు) ఎక్కించి నంబరు వేయించండి. నంబరు పడ్డ పుస్తకాన్ని లెక్క చెప్పకుండా తీసేయలేరు. ఒక కాపీ పిల్లలు చదవడానికి, రెండోది హెచ్ఎం గదిలో అడ్మిషన్ రిజిస్టర్లున్న బీరువాలో, చెదలు పట్టకుండా గోడకు, నేలకు దూరంగా ఉన్న అరలో. ఆ రెండింటికీ పిన్నులు తీసేసి దారంతో కుట్టిస్తే తుప్పు మరకలు పడవు, బైండరుకు అయిదు నిమిషాల పని.

ప్రతిజ్ఞ రికార్డింగు, పీడీఎఫ్ బడి గూగుల్ ఖాతాలో పెట్టేట్లయితే, రెండేళ్లు ఎవరూ తెరవని మామూలు జీమెయిల్ ఖాతాలను గూగుల్ తొలగించవచ్చు. ఏటా జూన్‌లో బడి తెరిచిన వారంలో ఒకసారి లాగిన్ అవ్వాలని కంప్యూటర్ గది గోడ మీద రాసి పెట్టండి. పాస్‌వర్డ్ ఒక్క ఉపాధ్యాయుడి దగ్గరే ఉంటే బదిలీతో పాటు వెళ్లిపోతుంది కాబట్టి, కవరులో పెట్టి సీలు వేసి ఆ రెండో కాపీ పక్కనే ఉంచండి.